మోచేతి కింది వాత

నా ఎడమ మోచేతి కింద చిటికెన వేలంత పొడుగు మచ్చ ఒకటి ఉంది. ఆరేళ్లప్పుడు అమ్మ పెట్టిన వాత. మా ఇంట్లో దాన్నెవరూ దాచరు. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకి చుట్టాలంతా అమ్మ ఇంట్లో దిగుతారు. భోజనాలయ్యాక చాపల మీద చేరగిలబడి పాత సంగతులు తవ్వుకుంటుంటే నా వాత కథ రావాల్సిందే. చెప్పేది కూడా నేనే. చుట్టాల కోసం చేసి దాచిన సున్నుండల డబ్బా అందుకోవడానికి పీట మీద పీట వేసి ఎక్కడం, రెండు బుగ్గల్లో రెండు ఉండలు కుక్కుకోవడం, వెనక్కి తిరిగేసరికి అట్లకాడతో అమ్మ. "దొంగతనం చేస్తే వాతే మరి" అని మా మేనత్త ముక్తాయిస్తుంది. అందరం పడీపడీ నవ్వుతాం.

ఈ ఏడు కథ అయ్యాక ఎనిమిదేళ్ల నా కూతురు వచ్చి మచ్చ మీద వేలు పెట్టి చూసింది.

"అప్పుడు ఎంతసేపు ఏడ్చావమ్మా?"

గుర్తులేదన్నాను. మందు ఎవరు రాశారని అడిగింది. అదీ గుర్తులేదు.

"సున్నుండలు తిన్నది మాత్రం గుర్తుందా?"

అది బాగా గుర్తుంది, నేతి వాసనతో సహా. పిల్ల సరేనని ఆటకి వెళ్లిపోయింది. నవ్వే వయసున్న పిల్ల నవ్వకుండా వెళ్లిందేమిటా అని నేను అక్కడే కూర్చుండిపోయాను.

నాకో జబ్బుంది. ఏదైనా అర్థం కాకపోతే అది తేలేదాకా నలుగురినీ పీక్కుతింటాను. గవర్నర్‌పేటలో మా ఆఫీసు. మర్నాడు భోజనాల దగ్గర, చిన్నప్పుడు మీకు దెబ్బలెలా పడ్డాయని అందరినీ అడిగాను. ఇక చూడండి, క్యారేజీల సంగతే మరిచిపోయారు. గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె, చెయ్యి తిప్పించి మెటికల మీద స్కేలు. నాకెక్కువ పడ్డాయంటే నాకెక్కువ పడ్డాయని పోటీ. అవి పడబట్టే ఇవాళ ఈ కుర్చీల్లో కూర్చున్నామని అందరూ కలిసి తేల్చేశారు. నిన్నటిదాకా నేనూ అదే మాట అనేదాన్ని. మరి గోడకుర్చీకీ కాలిన అట్లకాడకీ మధ్య గీత ఎక్కడ గీయాలంటే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. మచ్చ పడితే తప్పా? మచ్చ పడని దెబ్బల సంగతేమిటి?

రిటైర్మెంటు దగ్గర పడిన ఒక పెద్దాయన మాత్రం అంతసేపూ తన అన్నం తాను తిన్నారు. క్యారేజీ కడుక్కుని వెళ్తూ నా దగ్గర ఆగారు.

"తప్పు చేసిన రోజు నాకు భయం ఉండేది కాదు మేడమ్. రెండు పడతాయి, అయిపోద్ది. ఏ తప్పూ చెయ్యని రోజే భయమండీ. మా నాన్న ఏ కోపంతో ఇంటికొస్తాడో తెలిసేది కాదు."

ఆయన లెక్కన చూస్తే నాది దండనే. దొంగతనం చేశాను, శిక్ష పడింది, అది కాస్త ఎక్కువైంది. ఊరటగా అనిపించింది. ఆ ఊరట నాకు అవసరం కూడా. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్ల పన్నెండున్నరకే ఇంటికొచ్చేస్తుంది. మావారిది మైలవరంలో ఉద్యోగం. నేను ఇల్లు చేరేసరికి ఆరున్నర. రెండు వీధుల అవతల అమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నాలు పిల్ల అక్కడే అని ఎప్పుడో అనుకున్నాం. ఇప్పుడేమో, ఆరేళ్ల పిల్లకి వాత పెట్టిన మనిషి దగ్గర నా పిల్లని రోజుకి ఆరు గంటలు వదలొచ్చా అనే ప్రశ్న వచ్చి కూర్చుంది. కన్నతల్లి గురించి అలా ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది. ఆలోచించడం మాత్రం మానలేదు.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక అమ్మ గోంగూర ఒలుస్తుంటే పక్కన కూర్చుని అడిగేశాను. ఆ వాత ఎక్కువైందని ఎప్పుడైనా అనిపించిందా అని. కొట్టకుండా పెంచితే నువ్విలా అయ్యేదానివా అంటుందనుకున్నాను. ఆవిడ ఇంకో నాలుగు కాడలు ఒలిచింది.

"నువ్వు సున్నుండలు తియ్యలేదే" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు దోసెలు పోస్తున్నా. రెండు మాడినయ్యి. మీ నాయనమ్మ చుట్టాల ముందు నన్నూ, నన్ను కన్నందుకు మా అమ్మనీ కలిపి నానా మాటలూ అంది. నేను నోరెత్తలేకపోయా. అప్పుడే నువ్వొచ్చి ఆకలేస్తందని కొంగు పట్టుకు లాగావు. చేతిలో అట్లకాడుంది. అంతే."

"మరి సున్నుండలు?"

"సాయంత్రం మీ నాన్న పిల్లని ఎందుకు కాల్చావని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలిగా."

సున్నుండల రుచి కోసం వెతుక్కున్నాను. ఇంకా నోట్లో అలాగే ఉంది. ఎన్నడూ తినని సున్నుండల్ని ముప్ఫై నాలుగేళ్లుగా చప్పరిస్తున్నానన్నమాట. ముందు వాత పడింది, తర్వాత దానికి సరిపడా తప్పు కుట్టి నాకు తొడిగారు. అది నాకెంత బాగా అతికిందంటే నేనే పదిమందికీ చూపించుకుని మురిసిపోయాను. ఒళ్లు మండిపోయింది. కాల్చినందుకు వచ్చిన కోపం కొంచెమే, దొంగని చేసినందుకు వచ్చిందే ఎక్కువ.

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"ఫాదర్‌గారికి చెప్పుకున్నా, ఆ ఆదివారమే, పాపసంకీర్తనంలో. జపమాల చెప్పుకోమన్నారు, చెప్పుకున్నా. దేవుడు క్షమించాడు, ఇంక అయిపోయిందనుకున్నా." ఒలిచిన కాడల్ని పక్కకి నెట్టింది. "నిన్ను అడగాలని తోచలేదే. చిన్నపిల్లవి కదా."

"ఆ తర్వాత కూడా కొట్టావుగా నన్ను."

"కొట్టా. లెక్కల్లో సున్నా తెచ్చావని కొట్టా, పిట్టగోడ మీద నడిచావని కొట్టా. వాటికి నాకేం బాధ లేదు, ఎందుకో చెప్పే కొట్టా. పొయ్యి దగ్గరున్నప్పుడు మాత్రం నిన్ను లోపలికి రానియ్యలేదు."

అది నిజం. పెళ్లయ్యేదాకా నాకు అన్నం వార్చడం కూడా రాదు. చదువు పాడవుతుందని అమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆకంతా గిన్నెలోకి ఎత్తి అమ్మ లేచింది. నేనెందుకు అడిగానో ఆవిడకి ముందే తెలిసినట్టుంది.

"పిల్లని నా దగ్గర వదలమని నేను అడగను. నువ్వే తేల్చుకో."

వదిలాను. ఎందుకు వదిలానో సరిగ్గా చెప్పలేను. ఆవిడ సున్నుండల కథనే పట్టుకుని ఉంటే వదిలేదాన్ని కాదేమో. మొదటి వారం ఆఫీసు నుంచి రాగానే చెప్పుల్తో పాటు బ్యాగు ఒక మూలన పడేసి పిల్లకి స్నానం చేయించడం మొదలుపెట్టాను. నేనే చేస్తాగా అని అది గోల. చెమటకి ఒళ్లు పేలిందేమో చూస్తానని చెప్పి చేతులు, వీపు, పిక్కలు అన్నీ చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. నాలుగో రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"పసిపిల్లకి చేయించినట్టు స్నానం చేయిస్తున్నావంట. నీ కూతురు నవ్వుతా చెప్పింది."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇవాళ చూసుకున్నావా?"

"చూశానమ్మా" అన్నాను.

"రోజూ చూసుకో" అంది.