సారమ్మ వండిన అరోస్ కాల్దో

బచ్చన్నపేట దగ్గరి ఆ పల్లెలో సారమ్మ ఇల్లు అడిగితే, "కువైట్ సారమ్మనా?" అని ఎదురు అడుగుతారు. పత్తి చేను ఏటేటా దెబ్బతీసి, బోరు ఎండిపోయాక, భర్త మొగిలిని ఊళ్లో వదిలి ఇంటి పనికని కువైట్ పోయిందామె. అక్కడ ఒక షేక్ ఇంట్లో ఆమెతోపాటు పనిచేసిన ఆడమనిషి నెనిత, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. వచ్చీరాని అరబ్బీతో, చేతి సైగలతో కాలం నెట్టుకొచ్చారు.

శుక్రవారం ఇంటివాళ్లు బయటికి పోతే వంటగది వీళ్లిద్దరిదే. మొదటిసారి నెనిత సినిగాంగ్ అనే పులుసు వండినప్పుడు, ఉడుకుతున్న చింతపండు వాసనకి సారమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అందులో చేపముక్కలు, ముల్లంగి, ఆకుకూర వేసింది. పోపు లేదు, కారం లేదు. అయినా ఆ పులుపు ఇంటి పులుపే. అడోబో అని మరొకటి చేసేది. కోడిమాంసాన్ని వెనిగర్‌లో, వెల్లుల్లితో, మిరియాలతో మగ్గబెట్టేది. వెనిగర్ ఘాటుకి సారమ్మ మొదట మొహం తిప్పుకుంది. తర్వాత తర్వాత అదే కావాలని అడిగేది. పుట్టినరోజు నాడు నెనిత పాన్సిత్ చేసేది. సన్నటి సేమ్యాలాంటి నూడుల్స్ అవి. వాటిని తుంచకూడదని, తుంచితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నమ్మకం.

ఒకరోజు ఊరి నుంచి ఫోనొచ్చింది. బావి దగ్గర మోటరు కరెంటు కొట్టి మొగిలి చనిపోయాడు. ఇంటి యజమానురాలు తన దగ్గర దాచిన పాస్‌పోర్టు ఇవ్వలేదు, ఊరికి పోనివ్వలేదు. సారమ్మ వంటగది మూలన కూలబడి, లేవమన్నా లేవలేదు, తినమన్నా తినలేదు. నెనిత ఓదార్చలేదు. ఆమె ఎదురుగానే పొయ్యి వెలిగించి, అల్లం దంచి, కోడిముక్కలతో పాటు గుప్పెడు బియ్యం వేసి, గింజ కరిగి జావయ్యేదాకా గరిటె తిప్పుతూ నిలబడింది. పైన వేయించిన వెల్లుల్లి చల్లి, నిమ్మకాయ పిండి, గిన్నె సారమ్మ ముందు పెట్టి పక్కనే కూర్చుంది. దానిపేరు అరోస్ కాల్దో. వాళ్ల ఊళ్లో జబ్బు పడ్డవాళ్లకు, దుఃఖంలో ఉన్నవాళ్లకు చేసిపెడతారట. సారమ్మ తిన్నది. తిన్నాకే ఆమెకు ఏడుపు వచ్చింది.

పని గడువు ముగిసి ఆమె ఊరికి తిరిగొచ్చేసరికి తెలంగాణ ఉద్యమం ఊపుమీద ఉంది. జనగామ రోడ్డు మీద వంటా వార్పు జరిగినప్పుడల్లా ఊరంతా కట్టెలు, గిన్నెలు మోసుకొచ్చేది. బస్సులు ఆగిపోయేవి. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి వండేవాళ్లు. సారమ్మ ఒకసారి పెద్ద గంజులో చెరువు చేపలతో సినిగాంగ్ పెట్టింది.

"ఇదేం చారు అక్కా, కారమే లేదు?" అన్నాడు మీటింగులన్నింటికీ ముందుండే రాకేష్. జనగామలో డిగ్రీ చదువుతున్న పిల్లాడు.

"ఫిలిప్పీనోళ్లు గిట్లనే వండుతరు. తిని చూడు."

తిని, మళ్లీ వడ్డించుకున్నాడు. అక్కడ అన్ని వాడలవాళ్లూ ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. ఎవరు వండారని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతి వేసవిలో రాకేష్ తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్నాడు. ఊరికి కార్లొచ్చాయి, జెండాలొచ్చాయి, మైకులొచ్చాయి. మూడోనాటికి అన్నీ వెళ్లిపోయాయి. తల్లి వెంకటనర్సమ్మ మాత్రం గోడకు చేరగిలబడి, ఎవరేం తెచ్చినా పక్కకు నెట్టేస్తూ ఉండిపోయింది. మంచినీళ్లు తప్ప ఏదీ గొంతు దిగడం లేదని బజారులో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే సారమ్మ విన్నది.

విన్న దగ్గర్నుంచి ఆమెకు నిలకడ లేదు. తనది చర్చి పక్కనున్న వాడ. ఆ వాడవాళ్లను వెంకటనర్సమ్మ ఇంట్లో గడప దాటనివ్వరు. పోతే ఏమంటారోనని రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఒక కోడిని కోసి, అల్లం, వెల్లుల్లి, బియ్యం సంచిలో వేసుకుని, గిన్నె, కట్టెలు పట్టుకుని వెళ్లింది. వాకిట్లో మూడు రాళ్లు పెడుతుండగా వెంకటనర్సమ్మ మరిది సోమనర్సయ్య బయటికొచ్చాడు.

"ఏంది సారమ్మా గిది?"

"అక్కకు జావ కాసి ఇస్త అన్నా."

"రోడ్డు మీది సంగతి వేరు. గిది ఇల్లు."

"అందుకే వాకిట్ల పెట్టిన. లోపలికి రాను."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. సారమ్మ తలవంచుకుని మంట రాజేసింది. అల్లం వాసన, వేగుతున్న వెల్లుల్లి వాసన తలుపులోంచి లోపలికి పోతూనే ఉన్నాయి. ఆమె ఎవర్నీ పిలవలేదు, తినమని అనలేదు. జావ చిక్కబడుతుంటే గరిటె తిప్పుతూ కూర్చుంది.

చాలాసేపటికి లోపలి నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"ఎవలు?"

"నేను సారమ్మను అక్కా."

"ఎండల ఎందుకు కూసున్నవ్. లోపలికి రా."

సారమ్మ సోమనర్సయ్య వైపు చూసింది. ఆయన అరుగు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని, పెరటి వైపు వెళ్లిపోయాడు. ఆమె గిన్నె పట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆ గడప దాటింది.

వెంకటనర్సమ్మ మొదటి ముద్ద చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తర్వాత మింగింది. సగం తిని గిన్నె దించింది.

"నీ పెనిమిటి పోయినప్పుడు నువ్వు ఈడ లేవు గద. ఎట్ల బతికినవ్?"

"ఒక పరాయి దేశపు ఆడామె గిదే వండి పెట్టింది అక్కా. గట్లనే బతికిన."

వెంకటనర్సమ్మ గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుంది. సారమ్మ మరుసటిరోజూ వెళ్లింది, ఆ తర్వాతా వెళ్లింది. వాకిట్లో రాళ్లు మళ్లీ పేర్చాల్సిన అవసరం రాలేదు. బంధువుల్లో కొందరు ఆ ఇంటి నీళ్లు తాగడం మానేశారు. వెంకటనర్సమ్మ వాళ్లను పిలవడం మానేసింది.

రాష్ట్రం వచ్చిన జూన్‌లో ఊరి కుర్రాళ్లు జెండా ఎగరేయడానికి రమ్మని ఆమెను అడిగారు. తల అడ్డంగా ఊపింది. బజారులో పటాకులు పేలుతుంటే, సారమ్మను పిలిచి తలుపు దగ్గరేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలుపుతూ, కొడుకు గురించి మొదటిసారి నోరు విప్పింది.

"వాడికి సర్వపిండి అంటే పానం. అంచులు మాడితేనే తినెటోడు. మాడలేదంటే అలిగెటోడు."

"అట్లనా అక్కా. ఇంకేం తినెటోడు?"

వెంకటనర్సమ్మ పిండిని గిన్నె అడుగున వేళ్లతో ఒత్తుతూ ఒక్కొక్కటే చెప్పసాగింది. సారమ్మ పొయ్యిలో మంట తగ్గించి, ఆమె పక్కన కూర్చుని విన్నది.