మెడవిరుపు

గౌదెంజియో మా పక్క పొలం రైతు. ఇటలీలో వరి పండే మా లొమెల్లీనా ప్రాంతంలో అందరం పొట్టి రకాలకు మారిపోయినా, అతను మాత్రం తండ్రి నాటి పొడుగు వరినే వేసేవాడు. భార్య ఎర్సీలియా బతికుండగా ఆ బియ్యంతో రిజొత్తో అనే వెన్న అన్నం వండితే వాసన మా వాకిలిదాకా వచ్చేది. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు.

కూతురు ఒర్నెల్లా పక్కనున్న పావియా నగరంలో వరి అగ్గితెగులు మీదే పరిశోధన చేసేది. ఆ వేసవి ముసురు పట్టింది. మందు కొట్టించనా అని తండ్రి అడిగితే, వచ్చి మడి మడీ తిరిగి చూసింది. ఆకుల మీద ఒక్క మచ్చ లేదు. కాలవలో కప్పలు చస్తాయి, ఊరికే మందెందుకు, ఆగమంది. అతను ఆగాడు.

గింజ పాలుపోసుకునే వేళకు వెన్నుల మెడలు నల్లబడి విరిగి వేలాడాయి. చేనంతా తెల్లటి తాలు. దాచిన విత్తనం మొత్తం ఆ ఏడే చల్లేశాడు. "చదువుకున్న కూతురి మాట విన్నాడుగా, ఇక అనుభవించమను" అని గట్టు మీద ఎవరో గొణిగారు. గౌదెంజియో విననట్టే వెళ్ళిపోయాడు.

ఒర్నెల్లా మా ఇద్దరినీ తన ప్రయోగశాలకు తీసుకెళ్ళి సూక్ష్మదర్శినిలో చూపించింది. ఆ తెగులు తెచ్చే బూజు తాలూకు మూడు గదుల బీజం ఆకుకు జిగురుతో అంటుకుని ఉంది. దాన్నుంచి చిన్న గొట్టం, గొట్టం కొసన నల్లటి బుడిపె. బీజంలోని కణాలు చచ్చిపోతూ తమ సారమంతా ఆ బుడిపెకే ఇస్తాయట. అది నీళ్ళు పీల్చుకుని, లారీ టైరు కన్నా ఎన్నో రెట్లు బిగుసుకుని, సన్నటి మేకును ఆకులోకి దించుతుందట. ఆ తర్వాత కొన్నాళ్ళు పైకి ఏమీ తెలియదట.

"అయితే నువ్వొచ్చి చూసిననాటికే లోపలుందా తల్లీ?"

"ఉండే ఉంటుంది నాన్నా. నాకు తెలిసిన సంగతే. అయినా పచ్చటి ఆకు చూసి నమ్మేశాను. నన్ను తిట్టు."

"తిడితే విత్తనం వస్తుందా?" అన్నాడు, కన్ను తియ్యకుండానే.

ఆమె చలికాలమంతా విత్తన భాండాగారాలకు రాసి, అదే పేరున్న వడ్లు గుప్పెడు సంపాదించింది. అతను పెరట్లో ఓ చిన్న మడి కట్టి పండించాడు. కోతలయ్యాక వండి, మీ అమ్మ వండినట్టే ఉందని కూతురితో చెప్పాడు. ఆమె కారు మలుపు తిరిగాక కంచె దగ్గరకొచ్చి, "ఆ వాసన లేదయ్యా" అన్నాడు నాతో.

ఆమె కూడా ఆ అన్నమే తిన్నది. అతను చనిపోయేదాకా ఇద్దరూ ఆ వాసన మాట ఎత్తలేదు.