దసరా తీగ

ఆదివారం. ముసురు. పొద్దున దుకాణం షట్టరుకు గ్రీజు పెట్టాను.

రోజూ జమాఖర్చు రాసే ముందు ఇలా ఒక ముక్క రాయడం నాకు అలవాటు. మా బావ పోయిన రోజు కూడా ఇలాగే మొదలుపెట్టాను: మబ్బు, ఒక ట్యూబుకు పంక్చరు వేశాను. అంతలో నాచారం నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ చాయ్ అడిగిండు. తెచ్చేసరికి లేడు" అంది. ఆ పేజీలో ఇంకేమీ రాయలేదు. ఈ రోజు దినాలు అయ్యాయి. అక్క ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. నోటితో ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాను కాబట్టి, మాట్లాడాల్సిందంతా ఇక్కడే రాస్తాను.

ఆ రోజు బావను వాకిట్లో పడుకోబెట్టి ఉండగానే నా వెనక ఎవరో అన్నారు: "పాపం, మంచోడే. గా దొంగతనం కేసు లేకుంటె..." నేను తిరిగి చూస్తే అన్నవాడు ఫోన్‌లోకి తల వంచుకున్నాడు. ఆ మాట అక్క కూడా విన్నది.

బావ జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో మోటార్ల వైండింగ్ షాపులో చేరాడు. కాలిపోయిన మోటారు వస్తే పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడం పని. చివరికి అక్కడే మేస్త్రీ అయ్యాడు. పొద్దున స్విచ్ వేసే ముందు ప్రతి మిషన్ మీదా చెయ్యి పెట్టి, "లెవ్వు బిడ్డా, తెల్లారింది" అనేవాడు. కొత్తగా చేరినవాళ్లను "మిషన్ ముంగట అబద్ధమాడితె షాక్ కొడ్తది" అని భయపెట్టేవాడు.

నేను బడికి పోలేదు. ఉప్పల్‌లో నా సైకిల్ దుకాణం ముందు ఆగే బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. బావ అది కనిపెట్టి, సెలవు రోజున నన్ను బస్టాపులో నిలబెట్టి "ఇది యాడికి పోతది, జెప్పు" అనేవాడు. నేను "చెం... గి..." అనేలోగా బస్సు కదిలిపోయేది. "పోనీ రా, బస్సు ఇంకోటొస్తది. అచ్చరాన్ని పోనియ్యకు" అనేవాడు. నేను ఉలకకుండా నిలబడితే, "మాట్లాడితె మీటరు తిరుగుతదారా నీకు?" అని నవ్వేవాడు.

ఇక ఆ కేసు సంగతి. షాపులో పాత సేటు పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. దసరా ముందు వారం మోటార్లలోంచి పీకిన పాత తీగ పనివాళ్లది. దాన్ని అమ్మి, ఆయుధ పూజ చేసి, షాపు వెనక పొయ్యి పెట్టి యాటను కోసి వండుకునేవాళ్లు. వంట బావదే. సేటు కూడా వాళ్ల పక్కన కూర్చునే తినేవాడు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. అందరూ కూర్చుని తినేదాన్ని రాసిపెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?

పాత సేటు పోయాడు. కొడుకు వచ్చాడు, కెమెరాలు పెట్టించాడు. పద్ధతి మారిందని మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆ దసరాకు బావ ఎప్పటిలాగే పట్టపగలు తీగను ట్రాలీ ఆటోలో వేయించి, కెమెరా కిందనుంచే తీసుకుపోయాడు. పూజ అయింది, అందరూ తిన్నారు. పండుగ వెళ్లగానే కొత్త సేటు ఫిర్యాదు మీద పోలీసులు వచ్చారు.

బావతో కలిసి పనిచేసిన నలుగురు కోర్టులో సాక్ష్యం చెప్పారు. ఒకరి తర్వాత ఒకరు, అదే మాట: "అట్లాంటి పద్ధతి ఉన్నట్టు మాకు తెల్వదు సార్." ఉందని నేను వెళ్లి చెప్పాను. నేను బావమరిదిని, ఆ షాపులో పనిచేసినవాణ్ణి కాను. నా మాట నిలబడలేదు. బయట టీ బండి దగ్గర నలుగురూ తల దించుకుని నిలబడి ఉంటే, బావ వాళ్లకే టీ చెప్పాడు.

"తాగున్రిరా. తెల్వదు తెల్వదు అని గొంతెండిపోయుంటది."

"ఏం జేస్తమన్నా, సేటు పనిలకెల్లి తీసేస్తనన్నడు" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

ఆ భయం నాకు అర్థమవుతుంది. తోటి మనిషిని జైలు దాకా పంపి నిలబెట్టుకున్న పనికి పొద్దున్నే ఏ ముఖం పెట్టుకుని వెళ్లారో, అదే అర్థం కాదు.

నేరం రుజువైందన్నారు. శిక్ష వేసే రోజు వకీలు బావ చెవిలో చెప్పాడు: "తప్పయిందను అన్నా. ఒక్క మాట. జైలు లేకుంట బాండు మీద ఇడిసిపెట్టొచ్చు."

"శిక్ష విషయంలో చెప్పుకునేదేమైనా ఉందా?" అని జడ్జిగారు అడిగారు.

"తీగ నేనే తీస్కపోయిన సార్. దాస్తలేను. దసరాకు తీస్కపోయిన."

"అంటే తప్పు ఒప్పుకుంటున్నారా?"

"తీస్కపోయిన్నని ఒప్పుకుంటున్న. తప్పని ఒప్పుకుంటె, తిన్నోళ్లందరు దొంగలైతరు సార్."

వకీలు నుదురు కొట్టుకున్నాడు. యజమాని నమ్మి అప్పగించిన సొత్తును ఉద్యోగి దొంగిలించడం మామూలు దొంగతనం కన్నా పెద్ద నేరమని, పైగా పశ్చాత్తాపం కూడా లేదని, ఆరు నెలల జైలు వేశారు. నమ్మకం గురించి అంతసేపు చెప్పారు కదా, ఒక సేటు మాటను నమ్మి ఏళ్ల తరబడి పనిచేసినవాడి నమ్మకానికి ఏ సెక్షనూ లేదా? దొంగిలించేవాడు కెమెరాకు ముఖం చూపించి మరీ పోతాడా? ఇవి ఆ రోజు నుంచీ నా గొంతులోనే ఉన్నాయి.

పై కోర్టుకు వెళ్తే జైలు ఆగింది. పని మాత్రం పోయింది. ప్రతి వాయిదాకూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు. తీర్పు రాకముందే పోయాడు.

మనిషి పోతే అప్పీలు కూడా పోతుందట. దొంగ అన్న తీర్పు మాత్రం అలాగే ఉంటుందట. నెలలోపల భార్య అడిగితే అప్పీలు నడపొచ్చని వకీలు చెప్పాడు. చుట్టాలు వద్దన్నారు. "మనిషే లేడు, ఇంక కోర్టేందమ్మా?"

"మనిషి పోయిండు. దొంగ అన్న మాట పోలే" అంది అక్క. "గది నాతోని ఇంట్ల ఉంటదా?"

రేపు అప్పీలు కాగితాల మీద సంతకం పెడుతుంది.

ఈ రోజు దినాల భోజనానికి ఆ నలుగురూ వచ్చారు. ఎవరు పిలిచారో తెలియదు. బంతిలో కూర్చున్నారు. లేపేద్దామని నేను వెళ్లబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టి, తానే కూర గిన్నె తీసుకుని వాళ్ల ముందుకు నడిచింది.

"తినున్రి తమ్మీ. మీ అన్న పేరు మీద పెడ్తున్న. రేపు పెద్ద కోర్టుల అడిగితె, ఇది గూడ తెల్వదనున్రి."

నలుగురి చేతులూ విస్తళ్లలో ఆగిపోయాయి. అక్క గరిటె ఆగలేదు. పక్క విస్తరికి, ఆ పక్క విస్తరికి వడ్డించుకుంటూ పోయింది.

ముగ్గురు వెళ్లిపోయారు. పెద్దవాడు మాత్రం వాకిట్లో బండి స్టార్ట్ చేసి, ఆపేసి, వానలో దాని మీదే కూర్చున్నాడు. ఇది రాస్తుంటే కిటికీలోంచి కనబడుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అక్క కూడా చూసింది. నేను వెళ్లి పలకరించాలా వద్దా, తేల్చుకోలేకుండా ఉన్నాను.

ఈ రోజు ఖర్చు: విస్తళ్లు, బియ్యం, ఉల్లిగడ్డ... మిగతాది బయటికి వెళ్లొచ్చి రాస్తాను.