సంపు కడిగే పద్ధతి

మా తోడికోడలికి వీధి పెట్టిన పేరు సెల్లమ్మ. ఆమె మా పెద్ద బావగారి భార్య, నాకు అక్క వరస. కింది వాటాలో వీధివైపు గదిలో ఆమె కుట్టుమిషను ఉంటుంది, పై వాటాలో మా కాపురం. జిప్పులు మార్చడం, కాలర్లు తిప్పి కుట్టడం, పొడుగు పంట్లాములు పొట్టి చేయడం ఆమె పని. అయితే ఆ గది ముందు నిలబడే జనంలో సగంమంది చేతుల్లో గుడ్డముక్క కూడా ఉండదు. వాళ్ళు వచ్చేది ఆమె సెల్లులో అడిగించుకోడానికి.

"సెల్లమ్మా, తెల్లచొక్కా మీద తుప్పు మరక పడింది, ఎలా పోతుందో చూడు."

"ఫ్రిజ్జు కింద నీళ్ళు కారుతున్నాయి, ఎందుకంటావ్?"

"చంటిదానికి వెక్కిళ్ళు ఆగట్లేదమ్మా, కాస్త కనుక్కుని చెప్పు."

అడిగేవాళ్ళ జేబుల్లోనూ ఫోన్లు ఉన్నాయి, అది వేరే సంగతి. ఫోను చెబితే వాళ్ళకి గురి కుదరదు. అదే మాట మనిషి నోటమ్మట వచ్చిందా, ఇక తిరుగులేదు. అక్క పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని, పళ్ళ సందునుంచి ఫోనును అడిగేది. అది చూపించినదాంట్లో పైన నల్లగా, లావుగా ఉన్న నాలుగు ముక్కలు చదివి చెప్పేది. కళ్ళజోడు నెత్తిమీదే ఉండేది. అది సూదిలో దారం ఎక్కించడానికి మాత్రమే కిందికి దిగుతుంది.

"కింద ఇంకా ఏదో రాసుంది కదక్కా" అని నేను ఎన్నోసార్లు అన్నాను.

"అదంతా పనీపాటా లేనివాళ్ళు చదువుకోడానికే. అసలు సంగతి పైనే ఇస్తారు" అనేది.

నాకు ఒళ్ళు మండేది. కానీ ఆమెను తిట్టబుద్ధి కాదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఏదడిగినా విసుక్కునే జనం మధ్యే బతికింది. ఆస్పత్రిలో నోరెత్తితే "అవన్నీ నీకెందుకమ్మా" అన్నారు. బ్యాంకులో అడిగితే గోడవైపు చూపించి "అక్కడ రాసుంది, చూసుకో" అన్నారు. మా అత్తగారైతే సరే, అడిగిన పాపానికి మూడు రోజులు మాట్లాడేది కాదు. ఆమె మీద విసుక్కోకుండా జవాబు చెప్పింది ఆ ఫోను ఒక్కటే. అందుకే ఎవరు వచ్చి అడిగినా మిషను ఆపి మరీ చెప్పేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మా అక్కకు ఎవరూ లోకువ కాదు.

ఇక మా మరిది సంగతి. ముగ్గురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు, లిఫ్టులు బిగించే పని. నలభై దాటినా ఇంట్లో అందరికీ ఇంకా చిన్నాడే, వాడి పెళ్ళాం చిన్నది. రెండు వీధుల అవతల కొత్తగా అద్దె ఇంట్లో దిగారు. ఆ ఇంటి ముందు నేలలో నీళ్ళు నిలవ చేసుకునే సంపు ఉంది, మనిషి దిగేంత లోతు, పైన ఇనుప మూత. అందులో నీళ్ళు కంపు కొడుతున్నాయని చిన్నది వారం రోజులుగా సణుగుతోంది. కడిగేవాళ్ళను పిలవరా అని మేం చెబితే చిన్నాడు వినడు. ఏ పనైనా తన చేత్తో చేసుకుంటే తప్ప వాడికి అన్నం సహించదు.

ఓ సాయంత్రం పంట్లాము ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో నిలబడే అడిగాడు.

"పెద్దొదినా, సంపు కడిగే పద్ధతేంటో ఓసారి చూసి చెప్పు. రేపు సెలవే, తేల్చేస్తా."

అక్క ఫోను నోటి దగ్గర పెట్టుకుని అడిగింది. వచ్చింది గట్టిగా చదివింది. "బ్లీచింగ్ పొడిలో యాసిడ్ కలిపి చల్లడం. ఘాటు పట్టేలా కాసేపు మూత వేసి ఉంచడం. మూత తీసిన వెంటనే దిగి రుద్దడం."

"అంతేనా?" అన్నాడు వాడు.

"అంతే. ఏమంత బ్రహ్మవిద్య?" అంది అక్క. వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మగవాళ్ళు పనులకు వెళ్ళాక నేను కిందికి దిగి, అక్క ఎదురుగా కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నాను. ఫోను మోగింది, చిన్నాడు. అక్క చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కింది.

"ఒదినా, యాసిడ్ ఎంత పొయ్యాలో చెప్పనేలేదు నువ్వు. నీళ్ళన్నీ తోడేసి సీసా మొత్తం వంచేశా. కాసేపట్లో మూత తీసి దిగుతున్నా, ఇంకా పొయ్యాలంటే చెప్పు" అని, మా జవాబు కోసం ఆగకుండా పెట్టేశాడు.

"వీడికి అన్నీ తొందరే" అని అక్క నిన్నటి పేజీ మళ్ళీ తీసింది. పైన లావుపాటి ముక్కల్లో కొలత ఎక్కడా లేదు. కొలత కోసం కళ్ళజోడు కిందికి దించి, వేలితో పేజీని పైకీ కిందికీ జరిపింది. వేలు ఒకచోట ఆగిపోయింది. నేను దారం తెంపుతూ తల ఎత్తాను. ఆమె పెదాల మధ్యనుంచి గుండుసూదులు ఒడిలోకి రాలాయి.

"ఏంటక్కా?"

ఫోను నా వైపు తిప్పింది. ఆ మూడు ముక్కల పైన బూడిదరంగులో, ఉందా లేదా అన్నట్టు, ఒక వరుస ఉంది. 'ప్రాణాలు తీసే పొరపాట్లు: ఇవి ఎప్పుడూ చేయకండి.'

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆమె చిన్నాడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. చిన్నదానికి చేసింది, అదీ అంతే. మళ్ళీ చేసింది. నేను చెప్పులు వెతుక్కునేలోపే ఆమె వట్టి కాళ్ళతో వీధిలో ఉంది. ఒక చేత్తో ఫోను మొహం దగ్గర పెట్టుకుని, ఆ పేజీ చదువుతూనే పరుగు తీస్తోంది. ఎదురుగా సైకిలు వస్తున్నా చూడలేదు, అతను తిట్టిన తిట్లూ వినలేదు. నా మోకాళ్ళ నొప్పులు ఆ భగవంతుడికే తెలుసు, అయినా ఎలా పరుగెత్తానో పరుగెత్తాను. వాడు ఇంకా మూత తీసి ఉండడు, ఎవరో పలకరిస్తే కబుర్లలో పడి ఉంటాడు, వాడి వాగుడు మనకు తెలియనిదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. గుండె మాత్రం ఆ మాట వినడం లేదు.

సందు మలుపులోనే ఘాటు ముక్కుకు తగిలింది. కళ్ళలో భగ్గున మంట.

మూత తీసి పక్కన పడి ఉంది. చిన్నది సంపు అంచున కూర్చుని, ఒక కాలు లోపలి నిచ్చెన మీద పెట్టి, దగ్గుతూ మొగుణ్ణి పిలుస్తోంది. లోపల చిన్నాడు గోడకు జారగిలబడి, తల ఒక పక్కకు వాలి, పిలుపుకు పలకకుండా ఉన్నాడు. చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది.

అక్క వెనకనుంచి చిన్నదాన్ని నడుం పట్టి ఇవతలికి ఈడ్చింది.

"వదలక్కా. ఆయన పలకట్లేదు. చెయ్యందిస్తే చాలు, పైకి లాగేస్తా."

"దిగావంటే నువ్వూ పడిపోతావే. లోపల గాలి లేదు, విషం ఉంది. రక్షించడానికి దిగినవాళ్ళే ముందు పోతారంట."

"ఎవరు చెప్పారు?"

అక్క ఒక్క క్షణం తడబడింది. "ఫోన్లో ఉంది. ఈసారి అంతా చదివాను."

చిన్నది ఆమెకేసి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "మళ్ళీ ఫోనేనా? నువ్వు చెప్పిందే కదా ఆయన చేసింది" అని అక్క ముంజేతిని కసిగా కొరికింది. అక్క వదలలేదు. కింద పడేసి, మీద పడి, రెండు చేతులూ నేలకేసి నొక్కిపట్టింది. చిన్నది కాళ్ళతో తన్నుతోంది, గోళ్ళతో రక్కుతోంది, నోటికొచ్చినట్టు తిడుతోంది. అక్క ముంజేతినుంచి రక్తం కారుతోంది.

ఉన్నమాట చెబుతున్నాను, ఆ క్షణాన నాకూ అక్క మీద నమ్మకం లేదు. నిన్న తప్పు చెప్పిన నోరు ఇవాళ ఒప్పు చెబుతోందని ఏమిటి పూచీ? వాడు నా కళ్ళ ముందు, చెయ్యి చాపితే అందుతాడేమో అన్నంత దగ్గర్లో ఉన్నాడు. నిచ్చెన ఉంది. నాలుగు మెట్లు దిగితే చాలు. నేనూ అంచుదాకా వెళ్ళాను. గొంతులోకి ఏదో కత్తిలా దిగింది, దగ్గు తెరలు తెరలుగా వచ్చి వెనక్కి పడ్డాను. అప్పుడు నమ్మాను.

"ఫైరింజనుకు చెయ్యవే. సంపులో మనిషి పడిపోయాడు, లోపల విషపుగాలి ఉంది, మాస్కులు తెమ్మని చెప్పు" అని అక్క నా మీద అరిచింది. నేను నంబరు నొక్కి ఆ మాటలే చెప్పాను.

ఎదురింటాయన తుండుగుడ్డ తడిపి ముక్కుకు కట్టుకుని వచ్చాడు. "నేను దిగుతా, తప్పుకోండి" అన్నాడు. అక్క ఒక చేత్తో ఆయన కాలు కూడా పట్టుకుంది.

"మీకు దండం పెడతా, దిగకండి. ఆ గుడ్డకు ఆగదు. మీ ఇంట్లో ఫ్యాను ఉంటే తెచ్చి లోపలికి గాలి కొట్టేలా పెట్టండి."

"అంతా నీకే తెలుసా?" అని ఆయన కసిరాడు. అయినా వెళ్ళి ఫ్యాను తెచ్చాడు. పొడుగు వైరు లాగి, సంపు నోటి దగ్గర నిలబెట్టాం. అది తిరుగుతూ ఉంది, మేం చూస్తూ ఉన్నాం. చిన్నాడి ఛాతీ కదులుతోందా లేదా అని నేను కళ్ళు పొడుచుకుని చూశాను. ఒకసారి కదిలినట్టనిపించింది. ఇంకోసారి నా భ్రమేమో అనిపించింది. అంతకన్నా పెద్ద నరకం నాకు తెలియదు. మనవాడు కింద చచ్చిపోతుంటే, పైన నిలబడి ఏమీ చేయకుండా ఉండటమే సరైన పనట. ఆ సరైన పని చేయడానికి ఆడమనిషి ఇంకో ఆడమనిషిని మట్టిలో అదిమిపట్టి ఏడుస్తోంది. అక్క ఏడుపు నేను చూడటం అదే మొదలు.

ఫైరింజనువాళ్ళు వచ్చారు. వీపుమీద గాలి సిలిండరు, మొహానికి మాస్కు పెట్టుకుని ఒకతను దిగి, చిన్నాడికి తాడు కట్టాడు. పైకి లాగి పడుకోబెట్టినప్పుడు వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. ఒకాయన ఛాతీమీద చెవి పెట్టి విని, "ఉంది, కొట్టుకుంటోంది" అన్నాడు. 

సిలిండరు ఆయన మాస్కు తీసి, మట్టి కొట్టుకుపోయిన చిన్నదాన్ని చూసి అడిగాడు. "నిన్ను దిగకుండా ఆపిందెవరమ్మా? దిగుంటే ఇద్దర్నీ శవాలుగా తీసేవాళ్ళం."

చిన్నది అక్కవైపు వేలు చూపించింది. "ఈవిడే. ఆయన్ని దిగమని చెప్పిందీ ఈవిడే."



చిన్నాడు బతికాడు. ఆస్పత్రిలో ఇరవై రోజులు ఉండి ఇంటికి వచ్చాడు. కానీ లిఫ్టుల పనికి ఇక పనికిరాడు. రెండు మెట్లెక్కితే ఆయాసం, నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు. ఆ దగ్గు మామూలుది కాదు. లోపల ఏదో చిరుగుతున్నట్టు ఉంటుంది, ఆగాక మళ్ళీ ఊపిరి అందుతుందా అని విన్నవాళ్ళు తమ ఊపిరి బిగబట్టుకోవాలి. డాక్టర్లు చూద్దాం అంటారు. ఏం చూస్తారో చెప్పరు.

అక్క గది ముందు జనం మళ్ళీ మొదలయ్యారు. ఇంత జరిగినా వాళ్ళకు బుద్ధి రాలేదు. ఎవరైనా "సెల్లమ్మా, ఒక్కమాట" అంటే చాలు, మిషను చక్రం పట్టుకుని కూర్చుంటుంది. "నాకేం తెలీదమ్మా, వెళ్ళండి" అంటుంది. నిజంగా అవసరంలో ఉన్నవాళ్ళను కూడా పంపేస్తుంది. వాళ్ళు వెళ్ళాక, పంపేసినందుకు వాళ్ళకేమైనా అవుతుందేమోనని భయం. చెప్పినా భయమే, చెప్పకపోయినా భయమే. ఆమె పక్కన కూర్చుంటే ఆ భయం నాకూ అంటుకుంటోంది.

రోజూ మధ్యాహ్నం పని ఆపేసి చిన్నాడి ఇంటికి వెళ్తుంది. లోపలికి వెళ్ళదు, గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంటుంది. లోపల దగ్గు వినిపించినప్పుడల్లా ఉలిక్కిపడి, అది ఆగేదాకా కళ్ళు మూసుకుంటుంది. చిన్నది ఆమెను పొమ్మనలేదు, రమ్మనలేదు. కొరికిన గాటు మానింది కానీ ఇద్దరి మధ్యా మాటలు లేవు. నేను ఒకటి రెండుసార్లు రాజీ చేయబోయి ఇద్దరిచేతా చీవాట్లు తిన్నాను.

నిన్న నేనూ తోడు వెళ్ళాను. లోపల చిన్నాడికి దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు. అక్క మెట్టు మీద చెవులు మూసుకుంది. చిన్నది వచ్చి గుమ్మంలో నిలబడింది. మనిషి సగమైపోయింది, కళ్ళ కింద నల్లగా ఉంది. నేను మళ్ళీ గొడవేనేమో అనుకున్నాను.

"లోపలికి రా అక్కా" అంది.

అక్క తల ఎత్తి చూసింది.

"బయట కూర్చుంటే నీకు దగ్గొక్కటే వినిపిస్తుంది. అది ఆగాక ఎలా ఉంటుందో నాకొక్కదానికే తెలుసు. రాత్రిళ్ళు నా ఒక్కదాని వల్ల కావట్లేదు. వచ్చి నువ్వూ విను."

అక్క లేచి లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. కాసేపటికి దగ్గు ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వాడి ఛాతీకేసి చూస్తూ కూర్చున్నారు.