ఇరవైకి రెండు మార్కులు

స్కూలు మొత్తానికీ కడుపారా నవ్వే పిల్ల ఒక్కతే ఉంటే, ఆ పిల్లను వెతికి పట్టుకుని ఫెయిలు చేసిన ఘనురాలిని నేను. ఖూనీ చేసినవాడైనా వకీలును పెట్టుకుని ఏదో ఒకటి చెప్పుకుంటాడు. నాకు అడ్డం పెట్టుకోవడానికి ఒక బి.ఏ. డిగ్రీ తప్ప ఏమీ లేదు. తప్పంతా దానిదేనని ఇప్పటికీ వాదిస్తాను, వినేవాళ్లు దొరికితే.

యుద్ధం రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. మైసూరులో చదివి, మనస్తత్వశాస్త్రంలో ఒకే ఒక్క పేపరు గట్టెక్కి, బెంగళూరు పేటలో ఆడపిల్లల మిడిల్ స్కూల్లో టీచరుగా చేరాను. ఒక్క పేపరు చదివినవాళ్లంత ప్రమాదకరమైన మనుషులు లోకంలో లేరు. ఏమీ చదవనివాళ్లు భయపడి ఊరుకుంటారు, అంతా చదివినవాళ్లు అనుమానపడి ఊరుకుంటారు. నేను ఊరుకోలేదు. ఏ పిల్ల మనసులో ఏ బాధ ఉందో ముందే కనిపెట్టి ఉద్ధరించాలని కంకణం కట్టుకున్నాను. గోరుచుట్టు ఎవరికుందో చూసి రావడానికి రోకలి పట్టుకుని బయల్దేరానన్నమాట.

ఇరవై ప్రశ్నలు తయారుచేశాను. నీకు తరచు ఏడుపొస్తుందా? నీతో ఎవరూ ఆడుకోరని అనిపిస్తుందా? ఇలాంటివి. 'అవును' అని రాసినదానికల్లా ఒక మార్కు. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ బాధ. ఇంత తేలిక సంగతి ఎవరికి అర్థం కాదు చెప్పండి?

హెడ్మిస్ట్రెస్ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏమ్మా, ఇందులో లెక్కలు లేవు, భూగోళం లేదు. ఇదేం పరీక్ష?"

"మనసుకు పరీక్షండీ."

"మనసుకు సిలబస్ ఎవరిచ్చారు?"

"సిలబస్ లేదండీ, అందుకే..."

"సరే కానీ. ఇన్‌స్పెక్టరు వస్తే చూపించడానికి పనికొస్తుంది. ఫలితాలు మాత్రం శుభ్రంగా రాసివ్వు."

శుభ్రంగానే రాసిచ్చాను. నా తెలివంతా అక్కడే బయటపడింది. యుద్ధం పుణ్యమా అని కాగితం బంగారమైపోయింది కనుక, అర్ధసంవత్సర పరీక్షలకు వాడగా మిగిలిన మార్కుల పట్టీ తీసుకున్నాను. ఎక్కువ బాధ ఉన్నవాళ్లను ముందు పిలిచి మాట్లాడాలి కనుక వాళ్ల పేర్లు పైన రాశాను. అట్టడుగున ఆ నవ్వుల పిల్ల నాగరత్న, ఆరో క్లాసు, ఇరవైకి రెండు. ఈ పిల్ల గురించి దిగులక్కర్లేదని నాకు గుర్తుగా ఆ పేరు కింద ఎర్రసిరాతో గీత గీశాను. అయ్యా, అమ్మా, మీరూ బడికి పోయినవాళ్లే. ఎర్రగీతంటే ఏమిటో మీకు తెలుసు. తెలియనిదల్లా, టీచరని జీతం తీసుకుంటున్న నాకొక్కదానికే.

మర్నాడు పట్టీ నోటీసు బోర్డెక్కింది. హెడ్మిస్ట్రెస్ గారు అలవాటు చొప్పున సంతకం పెట్టి అంటించేశారు. మధ్యాహ్నానికల్లా కమల తల్లి రుక్మిణమ్మ చక్కెర గిన్నెతో వచ్చేసింది.

"నోరు తెరువు టీచరమ్మా. మా కమల పద్దెనిమిది మార్కులు తీసి ఫస్టు వచ్చిండాది!"

"అయ్యో, అది ఫస్టు కాదమ్మా. మీ పిల్ల మనసులో ఏదో పెద్ద బాధ ఉందని..."

"ఫస్టు వచ్చినదానికి బాధేంటికి?"

"ఇంట్లో ఏడుస్తూ ఉంటుందా?"

"యాపొద్దూ ఏడుస్తానే ఉంటాది. అంత ఏడ్చి చదివింది కాబట్టే కదా ఫస్టు వచ్చింది!"

మాట పూర్తయ్యేలోగా నా నోట్లో చక్కెర పోసేసింది. రైలు టిక్కెట్టు అడిగినవాడితో కూడా గంటసేపు వాదించగల దాన్ని, చక్కెర నములుతూ నిలబడిపోయాను. పక్కనే కమల కాలి బొటనవేలితో నేలను గీరుతోంది. ఆ పిల్లను ఆదుకోవడానికే ఇంత చేశాను. ఆ తర్వాత అది ఎప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నా తల్లిది ఒకటే మాట, "ఫస్టు వచ్చినావు కదే, ఇంకేంటికి ఏడుపు?" బాధ తీసేస్తానని పోయి, దానికి కిరీటం పెట్టి వచ్చాను.

ఇంతలో నాగరత్న బడికి రావడం మానేసింది. మూడు రోజులు చూసి, నాలుగో రోజు కబ్బన్‌పేటలో వాళ్లింటికి పోయాను. తండ్రి మునిస్వామప్ప మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. పిల్ల పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి నవ్వలేదు.

"పిల్లను బడికెందుకు పంపలేదప్పా?"

"ఇరవైకి రెండు తెచ్చినదానికి బడేంటికమ్మా? కండెలు చుట్టుకోనుంటాది."

"రెండు రావడమే మంచిది. ఈ పరీక్షలో తక్కువొస్తేనే గొప్ప."

మగ్గం ఆగింది.

"ఏమంటివి?"

"తక్కువొస్తేనే గొప్పప్పా."

"నేను చదువుకోనోణ్ణి తల్లీ. కానీ ముప్పై ఏండ్లుగా ఈ గుంటలో కూసోనుండాను. పోగులు తక్కువుండాయి, కాబట్టి గొప్ప చీరె అని చెప్పి అమ్మినోణ్ణి యాడా చూడలేదు."

"ఇది చీరె కాదు, మనసు!"

"ఆ ఎర్రగీత ఎవురు గీసినారు?"

"నేనే."

"గొప్పదానికి ఎర్రగీత గీస్తారా?"

 

"నాలుగు తగిలించినాను," అన్నాడు మునిస్వామప్ప, మగ్గం వైపే చూస్తూ. "ఆ పొద్దు దాకా దానిమీద చెయ్యెత్తిందే లేదు. ఇంకో తూరి పరీక్ష పెట్టు. పాసైతే పంపిస్తాను."

"పరీక్షెందుకప్పా, పాసని ఇప్పుడే రాసిస్తాను."

"దొంగ మార్కులు మాకొద్దు."

నిజాయితీపరుడితో వాదించి గెలిచినవాళ్లుంటే నాకు చూపించండి, కాళ్లకు దండం పెడతాను.

మర్నాడు ఖాళీ క్లాసులో నాగరత్న ఒక్కదానికే పరీక్ష పెట్టాను. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, ఏ టీచరూ చెప్పకూడని మాట చెప్పాను.

"పాపా, ఏమీ చదవొద్దు. అన్నిటికీ అవునని రాసెయ్."

"అబద్ధం రాయకూడదని మీరే చెప్పినారు కదా టీచరమ్మా," అని నన్నే కసిరి, ప్రశ్న ప్రశ్నా వేలు పెట్టి చదువుకుంటూ, చాలాసేపు రాసింది. నేను కిటికీ దగ్గర నిలబడి తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నాను, ఒక పిల్లకు కష్టాలు ఎక్కువ ఉండాలని. అలాంటి మొక్కు ఆయన అంతకుముందు విని ఉండడు.

కాగితం తీసుకుని లెక్కపెట్టాను. పదమూడు.

"ఇవన్నీ నిజంగానే రాశావా నాగరత్నా?"

"నిజమే టీచరమ్మా. పోయిన తూరి ఇవేవీ లేకుండె," అంది. మళ్లీ ఆశగా నా మొహంలోకి చూసి, "పాసైనానా?"

"పాసయ్యావు," అన్నాను.

ఆ పొద్దే, బల్ల మీద చెయ్యి వేసి, ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ పిల్లనూ 'నువ్వు సుఖంగా ఉన్నావా' అని కాగితం మీద అడగను. అడగక తప్పకపోతే, ముందు పిల్ల తండ్రిని ఊరు దాటించి, తల్లిని పుట్టింటికి పంపించి, హెడ్మిస్ట్రెస్ గారి జిగురు సీసా బావిలో పారేసి, చివరగా ఎర్రసిరా పట్టుకున్న ఆ టీచరమ్మను కూడా గదిలో పెట్టి గొళ్లెం వేసి, అప్పుడు అడుగుతాను.