సైకిల్ తెచ్చినవాడు కూర్చోడు

కొన్ని నెలలుగా నాకు మిర్చిబజ్జీలతో ఉల్లిగడ్డ ముక్కలు రావడం లేదు. పొద్దుటి ప్యాసింజర్ రైల్లో బజ్జీలమ్మే అక్క అందరికీ కాగితంలో రెండు బజ్జీలు పెట్టి, పైన గుప్పెడు ముక్కలు చల్లుతుంది. నా కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి నన్ను దాటి పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోతుంది. అడిగితే ఉల్లిగడ్డ ధర పెరిగిందంటుంది. ధర నా ఒక్కడికే పెరిగినట్టుంది.

కొత్తగూడెం లైనులో ఒక చిన్న స్టేషన్ పక్కన ఉంటాను నేను. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. అక్కడి స్టేషన్ నుంచి కాలేజీ ఎంత దూరమంటే, ఆటోవాళ్లు అటు రావడానికి ఒప్పుకోరు, నడవడానికి నా కాళ్లు ఒప్పుకోవు. అందుకని సైకిల్‌ను రైలెక్కిస్తాను. అసలైతే దాన్ని సామానుగా బుక్ చేసి పంపాలట. ఆ సంగతి ఒకసారి టికెట్లిచ్చే ఆయనను అడిగాను. ఆయన నన్ను, నా సైకిల్‌ను, నిమిషంసేపు ఆగే బండిని వరసగా చూసి, "చివరి డబ్బాల ఎక్కుండ్రి సార్" అన్నాడు.

చివరి డబ్బా తలుపు దగ్గర ఒక రాజ్యాంగం నడుస్తూ ఉంటుంది. దాన్ని ఎవరు రాశారో తెలుసుకోవాలని మొదటి రోజు నుంచీ నాకు కుతూహలం. సైకిల్‌ను ప్లాట్‌ఫారం రాని వైపు తలుపుకు ఆనించాలి. చైనున్న వైపు తలుపుకే ఉండాలి. లేకుంటే వచ్చేపోయే ఆడవాళ్ల చీరలకు గ్రీజు అంటుతుంది, ఆ తర్వాత మనకు మాటలు అంటుతాయి. లెట్రిన్ తలుపు సగమైనా తెరుచుకోవాలి. ఆ సగమెంత అన్నది లోపలికి పోయే మనిషిని బట్టి మారుతుంది. బజ్జీల గంప పట్టేంత తోవ వదలాలి. బెల్లు కొట్టకూడదు. ఏమవుతుందో చూద్దామని ఒకసారి కొట్టాను. డబ్బా అంతా తలతిప్పి చూసింది, అంతకు మించి ఏమీ కాలేదు, అయినా మళ్లీ కొట్టలేదు.

అన్నిటికంటే వింత రూలు ఇంకొకటి. సైకిల్ తెచ్చినవాడు కూర్చోడు. సీట్లు ఖాళీగా ఉన్నా సరే, సైకిల్ మీద ఒక చెయ్యి వేసి నిలబడాల్సిందే. ఎందుకని ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో కాంట్రాక్టు పని చేసే ఒకతన్ని అడిగాను. అతనూ రోజూ నాతోపాటు సైకిల్ తెచ్చేవాడు.

"కూసుంటే అది సామానైతది సార్. నిలబడితే మనతోటి వచ్చినట్టు."

టికెట్లిచ్చే ఆయన కంటే ఇతను బాగా చెప్పాడనిపించింది.

బండి ఊగినప్పుడు పడిపోకుండా సైకిళ్లన్నిటినీ కలిపి ఒక పాత ట్యూబు ముక్కతో కడతారు. ఆ ముక్క ఎవరిదో ఎవరికీ తెలియదు. తలుపు పక్క కడ్డీకి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఎవరు కట్టినా అదే ముడి, కొస పట్టి లాగితే ఊడిపోయే ముడి. నాకది ముడిలాగే కనిపించేది కాదు.

"గింత వదులుగ కడితే ఎట్లక్కా? దొంగోడు లాగిండనుకో?" అని బజ్జీల అక్కను అడిగాను.

"దొంగోడు రైల్ల సైకిల్ తొక్కుకుంట పోతడా సారూ?"

జవాబు బాగానే ఉంది. కానీ చదువుకున్న మనిషికి ఒక ముడి కనిపిస్తే దాన్ని బాగుచెయ్యాలనిపిస్తుంది. నాలుగంకెల తాళమున్న గొలుసొకటి కొన్నాను.

దాన్ని మొదటిసారి తెచ్చిన రోజే ఒకామె కొత్తగా ఎక్కింది. మా తర్వాతి హాల్ట్‌లో, నలభై ఏళ్ల మనిషి, ఒక చిన్నసైజు లేడీస్ సైకిల్‌తో. కాంట్రాక్టతను ముందు చక్రం పట్టి పైకి లాగాడు. సైకిల్ కూతురిదట. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా పిలుపొచ్చిందట. రైలు దిగి అడవి వైపు ఏడు కిలోమీటర్లు, బస్సు పోని ఊరు.

"తొమ్మిదిన్నరకు వార్డెన్ మేడం ముంగల సంతకం పెట్టాలె సార్. లేకుంటే లిస్టుల నా ఎనకున్నామెను పిలుస్తరట" అంది. ఆ తర్వాత సైకిల్ వైపు చూసి, "బిడ్డ సైకిలు. గీడ ఎవరన్న ఎత్కపోతరా?" అని అడిగింది.

అంతకంటే మంచి సందర్భం నాకు దొరకదు. కాంట్రాక్టతను ట్యూబు ముక్క అందుకోబోతుంటే ఆపి, నా గొలుసును మూడు సైకిళ్లలోంచి దూర్చి తాళం వేశాను. ఎవరూ ఊహించలేని నంబరు పెట్టానమ్మా, భయం లేదు అన్నాను. ఆమె ముఖంలో నిజంగానే ధైర్యం కనిపించింది. ఆ ధైర్యం కొత్తగూడెం దాకా ఉంది.

బండి ఆఖరి స్టేషనైన కొత్తగూడెంలో తెలిసిందేమంటే, ఆ నంబరును ఊహించలేనివాళ్లలో నేనూ ఉన్నాను. అది నా హాల్‌టికెట్ నంబరులోని చివరి నాలుగంకెలు, తిరగేసి. డిగ్రీ హాల్‌టికెట్టా పీజీదా అన్నది గుర్తు రాలేదు. రెండూ తిప్పాను. తిరగెయ్యకుండానూ తిప్పాను. దిగేవాళ్లంతా గొణుక్కుంటూ డబ్బా అవతలి కొసనున్న తలుపుకు మళ్లారు.

"ఎన్ని తీర్ల తిప్పొచ్చు సార్ అది?" కాంట్రాక్టతను నెమ్మదిగా అడిగాడు.

"పదివేలు."

"లెక్కల సారట కదా. కానియ్యుండ్రి. పొద్దుమీకి తిరుగు బండి దాకా టైమున్నది."

ఆమె కూతురి సైకిల్ మీద చెయ్యి వేసి, ప్లాట్‌ఫారం మీది గడియారాన్ని చూస్తూ నిలబడింది. తొమ్మిది దాటింది. నేను పుట్టిన సంవత్సరం తిప్పాను. రాలేదు. ఆమె పెదవులు కదిలాయి. నిమిషాలు లెక్కపెడుతోందో, నన్ను తిడుతోందో తెలియలేదు.

బజ్జీల అక్క గంప దించి, "నువ్వు తిప్పుకుంట ఉండు సారూ" అని దిగి వెళ్లిపోయింది. మేము ముగ్గురం మూడు సైకిళ్లను ఒకే జంతువులాగా ఎత్తి కిందికి దించాం. ఆరు చక్రాలు ఆరు దిక్కులకు పోతామన్నాయి. అక్క పట్టాల మీద పని చేసే ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చింది, భుజం మీద సుత్తెతో. ఆయన గొలుసును ప్లాట్‌ఫారం అంచు మీద పెట్టి, నా వైపు ఒకసారి చూసి, ఒకటే దెబ్బ వేశాడు. ఎవరూ ఊహించలేని నంబరు ఆయనకు అవసరమే పడలేదు.

ఆమె సైకిలెక్కి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

"గా ముడి వదులుగ ఎందుకుంటదో ఎరుకైందా?" అంది అక్క, గంప ఎత్తుకుంటూ. "కట్టినోడు యాడున్నా, దిగేటోడు ఇప్పుకోవాలె."

ఉల్లిగడ్డ ధర ఆ రోజే పెరిగింది.

ఆ రోజు క్లాసులో బోర్డు మీద ఏం రాశానో నాకు తెలియదు. ఏడు కిలోమీటర్ల మట్టిరోడ్డులో ఎవరైనా ఎంత వేగంగా తొక్కగలరన్న ఒక్క లెక్కే చేస్తూ కూర్చున్నాను. ఏ రకంగా చేసినా జవాబు తొమ్మిదిన్నర దాటుతోంది.

మర్నాడు బండి హాల్ట్‌లో ఆగేదాకా తలుపులోనే నిలబడ్డాను. ఆమె ఉంది, సైకిల్‌తో. ముందు చక్రం నేనే పట్టి లాగాను.

"సంతకం?" అన్నాను.

"పెట్టిన. ఇరవై నిమిషాలు లేటు. మేడం ఇంకొకామెకు ఫోన్ కొట్టింది. ఆమె ఎత్తలే."

ఆ ఫోన్ ఎత్తని మనిషి ఎవరో, అప్పుడు ఏ పనిలో ఉందో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంటుంది. తెలుసుకునే దారి లేదు.

ఆమె సైకిల్‌ను తలుపుకు ఆనించింది. చైను వైపు తలుపుకే పెట్టింది, ఎవరూ చెప్పలేదు. బజ్జీల గంపకు తోవ వదిలింది. నేను కడ్డీకి వేలాడుతున్న ట్యూబు ముక్క కోసం చెయ్యి చాచాను. ఆమె నాకంటే ముందే దాన్ని అందుకుంది. మూడు సైకిళ్ల చుట్టూ తిప్పి, కొస బయటికి ఉంచి ముడి వేసింది. తర్వాత తన సైకిల్ మీద ఒక చెయ్యి, నా సైకిల్ మీద ఒక చెయ్యి వేసి నిలబడి, లోపలి ఖాళీ సీట్ల వైపు గడ్డంతో చూపించింది.

"మీరు చదువుకున్నోళ్లు సార్. పోయి కూసోండ్రి."