గుప్‌చుప్ కకా మీద నేను వేసిన నింద

నా చిన్నప్పుడు నాకు అబద్ధాలు భలే వచ్చేవి. తడుముకోకుండా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ చెప్పేదాన్ని. అందులో ఒకటి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది శ్రీకాకుళం వైపు. నాన్నది రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఉద్యోగం కావడంతో రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండువేల మూడో నాలుగో, నేను ఆరో తరగతి. ఆ వేసవిలో నాకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు పరీక్ష చేయించి, అమీబా అన్నాడు, పాడు నీళ్ళ వల్ల వస్తుందన్నాడు. ఎక్కడ ఏం తాగావని అమ్మ నిలదీసింది. చెరువు గట్టున పగిలిన గొట్టం దగ్గర రోజూ తాగుతున్నానని చెబితే వీపు విమానం మోత మోగేది. అటువైపు పోనని ఒట్టు వేయించుకుంది మరి! అందుకని గుప్‌చుప్ బండి పేరు చెప్పాను. మిగతా ఊళ్ళలో పానీపూరీ అనేదాన్నే రాయ్‌పూర్‌లో గుప్‌చుప్ అంటారు.

"సూడండి, ఆ బండోడు నా పిల్లని సంపీసినంత పని సేసినాడు!" అని అమ్మ ఇంటింటికీ చెప్పింది. వారం తిరక్కుండా బండి దగ్గర నరపురుగు లేదు. బండి ముసలాయనను అందరం కకా అనేవాళ్ళం, అంటే అక్కడి మాటలో బాబాయ్. సాయంత్రం చింతపండు నీళ్ళ నిండుకుండతో వచ్చి, నిండుకుండతోనే వెళ్ళిపోయేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ మందులు మింగేదాన్ని.

పక్కింటి అక్క కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. నన్ను చెరువు గట్టున చాలాసార్లు చూసింది, అయినా నోరు విప్పలేదు. నాకు నయమయ్యాక ఓ రోజు తన కాలేజీకి తీసుకెళ్ళి, గడ్డి వేసి నానబెట్టిన చెరువునీటి చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టింది. లోపల ఏదో మెల్లగా పాకుతోంది, ఒక ఆకారమంటూ లేదు. నన్ను చంపబోయింది ఇదేనా అని అరిచాను.

ఇది కాదే పిచ్చిమొహమా అని నవ్వింది. అమీబాలన్నీ ఒకటి కాదట. ఇది నీళ్ళలోని సూక్ష్మక్రిములను తిని బతుకుతుంది, దీన్ని తిని ఇంకేవో బతుకుతాయి. కొన్ని ఒంటి మీద గుల్ల కట్టుకుంటాయి. కొన్ని మన పేగుల్లోనే ఉంటూ మన జోలికి రావు. జబ్బు చేసేది వేరే, దాని చుట్టాలేమో చూడ్డానికి అచ్చం దానిలాగే ఉంటాయి.

"అందుకే ఏది ఏదో తేల్చుకోకుండా నింద వెయ్యకూడదు, బంగారం," అంది. నావైపు చూడలేదు, మైక్రోస్కోపు సరిచేస్తూ కూర్చుంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతా కక్కేశాను. "డర్ మత్, భయపడకు, నేనున్నాను కదా. మీ అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. నేనే చెప్పాను. అమ్మ రెండు తగిలించి, తర్వాత తనే ఏడ్చింది. మర్నాడు అక్క చెయ్యి పట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్ళి, అబద్ధమాడానని ఒప్పుకున్నాను. చివరికి బండి దగ్గరికి వెళ్ళి హిందీలో తడబడుతూ చెప్పాను. కకా నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత "తబియత్ బనే హే న, నోనీ?" అన్నాడు. ఒంట్లో బాగుందా తల్లీ అని. అంతే! కోప్పడినా బాగుండేది.

ఇప్పుడు నేను ఓ ల్యాబులో పనిచేస్తున్నాను. స్లైడులో అమీబా కనబడగానే జబ్బు పేరు రాసెయ్యాలని చెయ్యి తొందరపడుతుంది. ఆగి, ఇంకోసారి చూస్తాను. ఫలానా పిల్ల దొంగ అని మా అమ్మాయి బడి నుంచి వచ్చి చెప్పినా, నువ్వు చూశావా అని అడుగుతాను. చాదస్తం అనుకుంటుంది, అనుకోనీ. నేను అన్ని గడపలూ ఎక్కి నిజం చెప్పిన తర్వాత కూడా, కొన్ని ఇళ్ళవాళ్ళు ఆ ముసలాయన దగ్గర మళ్ళీ ఎప్పుడూ కొనలేదు.